బురదబూచి లెక్క

మొదటి రోజు

గేటు పక్క గదిలో నర్సు నా కంటిరేకులు తీసి నీళ్ళ డబ్బీలో వేసి, మూత మీద నా పేరు రాసింది: బెహరా నీలోత్పల, గణకురాలు. ఆరేళ్ళ వయసులో బళ్ళో పెట్టిన రేకులు. ముప్పై అయిదేళ్ళలో పాతవి తీసి కొత్తవి పెట్టిన నిమిషాలు తప్ప నా కళ్ళు వాటిని వదిలింది లేదు. "మూడు రోజులు మసగ్గా ఉంటుంది, నలపకండి" అందామె. ఆమె పేరేమిటో నాకు తెలియలేదు. రేకులు ఉంటే ముఖం పక్కన పేరు దానంతటదే కనబడేది. నోరు తెరిచి అడగవచ్చని గేటు దాటాక గాని తోచలేదు.

ఈ పుస్తకం పెన్సిలుతో రాయాలి. పని అయ్యాక అటవీశాఖకు అప్పగించాలి. జోలమెట్ట మీదికి చూసి దాచుకునే వస్తువు ఏదీ తీసుకుపోకూడదు. కెమెరా గాని, రేకు గాని, గడియారం గాని పనికిరావు. ఆరేళ్ళ కిందట పక్క మెట్ట మీద ఎవరో పెద్దమనిషి సరదాగా ఒక్క మొక్కను రేకుతో చూశాడు. రేకు తీసిన బొమ్మతో పాటు చోటు వివరం కూడా ఊరంతా తిరిగింది. మూడు గంటల్లో ఏరుడు తూనీగలు వచ్చి వాలాయి. మొక్కలు అమ్ముకునేవాళ్ళు వదిలే అరచేతంత యంత్రాలు, ముందు రెండు గోళ్ళుంటాయి. సాయంత్రానికి ఆ మెట్ట గుండు కొట్టించుకున్న తలలా మిగిలింది. ఆ మొక్కలన్నీ ఇప్పుడు ఎవరెవరి బల్లల మీదో గాజు బుడ్లలో ఉన్నాయి.

నా పని చిన్నది. బురదబూచి అనే మొక్క ఈ మెట్ట మీద ఎన్ని ఉన్నాయో పన్నెండు రోజుల్లో లెక్క తేల్చాలి. మూడు వందలు ఉంటే మెట్టను పదేళ్ళు మూసేస్తారు. ఒక్కటి తగ్గినా ఇక్కడ మంచువలలు కడతారు. పొగమంచును వలల్లో పట్టి, నీళ్ళు చేసి విశాఖకు పంపుతారు. దిగువ వీధులు సముద్రంలో కలిశాక మా ఎగువపేటలో కొళాయి రోజు విడిచి రోజు వస్తోంది. మొదటి గొట్టం మా వీధికే అని మా అక్క నాకు రెండుసార్లు గుర్తు చేసింది.

లెక్క ఇద్దరు విడివిడిగా చెయ్యాలి. రెండు లెక్కలకూ తేడా పదికి మించకూడదు. చిన్న అంకెనే తీసుకుంటారు.

రెండో మనిషి గెమ్మెలి చిలకమ్మ. అరవై ఆరేళ్ళు. కంటిరేకు ఎన్నడూ పెట్టించుకోలేదు. లోయలో అలాంటి మనిషి ఈమె ఒక్కతే మిగిలింది. ఇరవై ఏళ్ళుగా ఈ మెట్టకు సాక్షి. నన్ను చూసి, "ఏటమ్మీ, కళ్ళు మండతన్నాయా?" అంది. "చిలకమ్మ గారూ" అన్నాను. "గారేటి? పెద్దమ్మా అను" అంది.

రెండో రోజు

మెట్టంతా చదును రాయి. రాతి పగుళ్ళ వెంట నీరు ఊరుతూ ఉంటుంది. ఊట పక్కన తడి ఇసక, ఆ ఇసకలో జానెడు గడ్డి. నూలు దారం కట్టి మెట్టను ఇరవై నాలుగు పట్టీలుగా చేశాం. పొద్దున్నంతా ఆ పనే.

అంతా మసక. దూరాన ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చుకోవాలని మాటిమాటికీ రెండుసార్లు రెప్పలు కొడుతున్నాను. ఏదీ దగ్గరికి రాదు. నలభైసార్లు కొట్టి ఉంటాను. చివరికి నా కళ్ళను పైకే తిట్టుకుంటే చిలకమ్మ, "కంట్లో నలుసు పడ్డాదేటి?" అని అడిగింది.

మధ్యాహ్నం ఒక చోట ఊదారంగు పూలు కనబడ్డాయి. అరవై రెండు లెక్కపెట్టి, గంతేసినంత పని చేసి ఆమెను పిలిచాను. ఆమె వంగి, ఒక పువ్వును వేళ్ళతో తడిమి, "ఇది కాదు. ఇదీ పురుగుల్ని తినీదే, నేల్లోపల సంచులుంటాయి. మన లెక్కలోది కాదు" అంది.

అరవై రెండు గీతలూ కొట్టేశాను.

మూడో రోజు

ఒకటో పట్టీ. ముందు ఆమె నడిచింది, గంట తరవాత నేను. మొక్క కనబడినప్పుడల్లా ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో ఒక చిక్కుడు గింజ వేస్తుంది. నేను కాగితం మీద గీత పెడతాను. సాయంత్రం గింజలు పోసి లెక్కపెట్టాం. పంతొమ్మిది. నా కాగితం మీద ఒక్క గీత లేదు.

చూపు మసక తగ్గింది. మొక్క ఎలా ఉంటుందో బొమ్మల్లో వేలసార్లు చూశాను. రూపాయి బిళ్ళంత ఉంటుంది. నేలకు అతుక్కుని, ఎర్రగా, ఆకుల మీద జిగురు చుక్కలతో ఉంటుంది. చీమ ఆ చుక్కను తేనె అనుకుని వస్తుంది, అతుక్కుంటుంది. ఆకు మెల్లగా ముడుచుకుంటుంది. ఇవన్నీ తెలుసు. కానీ ఇన్నేళ్ళూ దాని చుట్టూ పచ్చ గీత గీసి, పక్కన పేరు రాసి చూపించింది రేకు. నా అంతట నేను వెతికి పట్టుకున్నది ఒక్కటీ లేదు. ఈ సంగతి నలభై ఒకటో ఏట తెలియడం బాగాలేదు.

"మీ పంతొమ్మిది నేను రాసుకుంటే?" అని అడిగాను. నవ్వుతూనే అడిగాను, కానీ అడిగాను.

చిలకమ్మ గింజలు సంచిలో పోసుకుంటూ, "నా కళ్ళు నా మొహానికే ఉన్నాయి గదమ్మీ" అంది.

అయిదో రోజు

నిన్న రాయలేదు. నిన్న కూడా సున్నా.

తెల్లవారగానే వెళ్ళి ఒకటో పట్టీలో ఊట పక్కన బోర్లా పడుకున్నాను. సూర్యుడు వచ్చేసరికి మెట్ట మీద ప్రతి గడ్డిపోచా మెరిసింది. లక్ష చుక్కలు. ఏది మంచు, ఏది జిగురు? రెండు గంటలు పాక్కుంటూ తిరిగాను. మోచేతులు చీరుకున్నాయి. జలగను పీకి పారేసి ముందుకు జరిగాను. ఏదో ఒకటి చేస్తూ ఉండకపోతే చేతులు ఆగడం లేదు. పెన్సిలు చెక్కుతున్నాను, చెక్కిందే మళ్ళీ చెక్కుతున్నాను.

ఎండెక్కాక చిలకమ్మ రాగంబలి తెచ్చింది. రాయి మీద కూర్చుని తాగుతూ, "నీకు తెలిసిన గుర్తేదైనా చెప్పు పెద్దమ్మా" అని బతిమాలాను.

"నాకు సెప్పడం రాదమ్మీ. అదక్కడ ఉంటాది, నాను సూస్తాను. అన్నం నోట్లో ఎలా ఎట్టుకుంతన్నావంటే నువ్వేటి సెప్తావు?"

గిన్నె కింద పెట్టబోతుంటే నా కాలి దగ్గర ఏదో తళుక్కుమంది. మళ్ళీ చూశాను. గడ్డి ఆరిపోయింది. రాయి ఆరిపోయింది. మంచు మొత్తం పోయి గంట అయింది. ఆ ఒక్కచోట మాత్రం తడి ఆరలేదు. గుండుసూది తలంత చుక్కలు ఇరవై ముప్పై, గుండ్రంగా, ఎర్రటి వెంట్రుకల కొసల మీద. మధ్యలో ఒక ఈగ కాలు ఇంకా కొట్టుకుంటోంది.

మంచు ఆరాక వెతకాలి. పొద్దున్నే లేచి వెతకడమే నా తప్పు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరనిదే అది.

గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళాను. సాయంత్రంలోగా పద్నాలుగు దొరికాయి. ఒక్కొక్కటి దొరికినప్పుడు పక్కన పేరు కనబడలేదు, పచ్చ గీత రాలేదు. అదేనా అని ప్రతిసారీ నేనే తేల్చుకోవలసి వచ్చింది. భయం వేసింది. ఆ భయం బాగుంది కూడా.

ఏడో రోజు

పది పట్టీలు అయ్యాయి. గింజలు నూట యాభై ఎనిమిది. నా గీతలు నూట ఇరవై ఒకటి.

తేడా ముప్పై ఏడు. ఇలాగే పోతే లెక్క చెల్లదు. లెక్క చెల్లకపోతే మూడు వందలు లేనట్టే రాసుకుంటారు.

ఈ రోజంతా వెనక్కి వెళ్ళి చూసిన పట్టీలే మళ్ళీ చూశాను. ఒకటో పట్టీలో ఆమెకు పంతొమ్మిది, నాకు పద్నాలుగు. ఆ అయిదు ఎక్కడ? నాలుగుసార్లు నడిచాను. మోకాళ్ళ మీద ఒకసారి. పద్నాలుగే. గేటు దగ్గరి తీగఫోనులో శాఖాధికారి పట్నాయక్ గారికి చెప్పాను. "అలవాటు లేని కళ్ళు, టైము పడుతుంది. ఆవిడ వెనకాలే నడిచి నేర్చుకోండి" అన్నారు.

వెనక నడవడానికి నిబంధన ఒప్పదు. దూరం నుంచి చూస్తే నిబంధన ఏమీ అనదు.

ఎనిమిదో రోజు

దూరం నుంచి చూశాను. చూడకుండా ఉండవలసింది అనిపిస్తోంది.

పదకొండో పట్టీలో చిలకమ్మ ఊట వెంట నిదానంగా నడుస్తోంది. ఆగుతుంది, తల వంచుతుంది, సంచిలో గింజ వేస్తుంది. ఒకచోట ఆగి మూడు గింజలు వేసింది. ఆమె పట్టీ చివరికి వెళ్ళాక నేను ఆ చోటికి వచ్చాను. అక్కడ అడవిపంది మూతితో తవ్విన గుంట ఉంది. తాజా మట్టి, తెగిన గడ్డివేళ్ళు. మొక్క అన్నది లేదు.

గుంట పక్కనే నిలబడి ఆమెను పిలిచాను.

"పెద్దమ్మా, ఇక్కడ ఎన్ని వేశావు?"

"మూడు."

"ఇక్కడ ఏముందో చెప్పు."

ఆమె వచ్చి వంగింది. వంగి, చెయ్యి చాచింది. వేళ్ళు గుంటలోకి దిగిపోయాయి. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ మట్టిని అలాగే కాసేపు పట్టుకుంది.

"పంది" అంది.

కూర్చున్నాం. ఆమె ముఖం ఎండకు తిప్పినప్పుడు కంటిపాపల మీద పాలమీగడలాంటి తెలుపు నాకు కనబడింది. ఏడు రోజులు పక్కన కూర్చుని అంబలి తాగాను. ఒకరి కళ్ళలోకి చూసే అలవాటు కూడా నాకు లేదు కాబోలు.

"ఎన్నాళ్ళుగా?"

"నాలుగేళ్ళు. ఎలుగ్గొడ్డు తెలుస్తాది, మనిసి తెలుస్తాది. సిన్నయి తెలవ్వు."

"మరి లెక్క?"

"యాడెన్ని ఉన్నాయో నాకు తెల్సు గదా. ఇరవై ఏళ్ళు సూసినాను. కళ్ళు మూసుకుంటే కనబడతాయి." వేళ్ళ మట్టి నలుపుతూ, "అబద్ధం ఆడినాననుకోకు. ఉన్నాయనే అనుకున్నాను" అంది.

ఆపరేషన్ ఎందుకు చేయించుకోలేదని అడిగాను. అడగక్కర్లేదు, నాకూ తెలుసు. ఆస్పత్రుల్లో ఇప్పుడు పొర తీస్తే దాని స్థానంలో రేకే పెడతారు. అది కంటి లోపలిది, నావాటిలా తీసి డబ్బీలో వెయ్యడానికి రాదు. వేరే రకం తయారీ ఆగిపోయి పదిహేనేళ్ళయింది. రేకు పడితే ఆమె ఈ గేటు దాటలేదు.

"సూపొస్తే మెట్ట పోతాది. మెట్ట కావాలంటే సూపు నేదు" అంది. ఏడవలేదు. మట్టి చేతిని చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంది.

ఈ పుస్తకం శాఖకు వెళుతుంది. ఈ పేజీ రాయకుండా ఉండవచ్చు. ఆమె గింజల్లో కొన్ని తీసేసి, నా గీతల్లో కొన్ని కలిపితే రెండు లెక్కలూ మూడు వందలు దాటించవచ్చు. ఇది రాసేముందు డేరా చుట్టూ చాలాసార్లు తిరిగాను. కానీ ఈ మెట్ట మీద మనిషి మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. ఆ మాటలోనే కల్తీ జరిగితే, ఇంకెవరైనా బొమ్మలే అడుగుతారు. బొమ్మ వచ్చినచోటికి తూనీగలు వస్తాయి.

రాశాను. ఆమెకు చదివి వినిపించాను. "నా పేరు సరిగ్గా రాసినావా?" అని మాత్రం అడిగింది.

తొమ్మిదో రోజు

పొద్దున్నే పట్నాయక్ గారికి ఫోను. అంతా విన్నారు.

"అయితే రెండో సాక్షి లేనట్టే. ఇప్పుడు ఇంకొకరికి రేకులు తీసినా మూడు రోజులు మసకేగా. మూసెయ్యండి నీలోత్పలా. వచ్చెయ్యండి."

రెండో రోజు ఊదా పువ్వును చిలకమ్మ వేళ్ళతో తడిమే కాదని చెప్పింది. నిబంధనల కాగితం నా చేతిలోనే ఉంది. నిలబడి చదివాను: "ఇద్దరు సాక్షులు, చిత్రసాధనం లేకుండా, స్వయంగా గుర్తించి లెక్కించవలెను."

"చూసి అని లేదు సార్. గుర్తించి అని ఉంది. ఆమె వేలితో గుర్తుపడుతుంది."

"వేలితోనా?"

"జిగురు సార్. ఇంకే మొక్కకీ ఉండదు ఇక్కడ."

"నేను సరే అనలేను" అన్నారాయన. "కాదని కూడా అనలేను. ఉన్నది ఉన్నట్టు రాయండి. పన్నెండో రోజు నాలుగు గంటలకి ఫారం నా చేతికి రావాలి. మీ వీధి నీళ్ళ గొట్టాల జాబితాలో ఉందని తెలుసుగా?"

తెలుసన్నాను.

మళ్ళీ మొదటినుంచి. ఇరవై నాలుగు పట్టీలు, నాలుగు రోజులు. చిలకమ్మ చీర ఎగ్గట్టి మోకాళ్ళ మీద దిగింది. తడి ఎక్కడుందో అరికాళ్ళతో తెలుసుకుంటుంది. తడి మొదలైన చోట నుంచి ఇసక మీద చెయ్యి తేలిగ్గా జరుపుకుంటూ పోతుంది. మొక్క అని తోచినచోట చిటికెన వేలి గోటి వెనక భాగం ఆకుకు ఆనించి తీస్తుంది. సన్నని జిగురు తీగ సాగుతుంది. అప్పుడు ఒక గింజ. గింజ పడ్డ ప్రతిసారీ దగ్గరికి పోయి చూడాలనిపించింది. వేరే పట్టీకి వెళ్ళిపోయాను.

పదకొండో రోజు

వాన. రెండు గంటలు పోయాయి. జిగురు వానకు కొట్టుకుపోతే మళ్ళీ ఊరేదాకా ఆమెకు వేలితో తెలియదు. గొడుగు కింద కూర్చుని ఇద్దరం ఎండ కోసం ఎదురుచూశాం. కూర్చోలేక నేను నాలుగుసార్లు లేచాను.

"కాళ్ళలో సీమలున్నాయేటి నీకు?" అంది చిలకమ్మ.

ఆమె మోకాళ్ళకు నా సాక్సులు చింపి కట్టాను. చర్మం లేచి అంతా పచ్చి.

సాయంత్రానికి నా లెక్క పూర్తయింది. ఆఖరి పట్టీలో తూర్పు అంచు దగ్గర మెట్ట నిలువునా తెగి ఉంటుంది. అంచు కింద చేయి చాచినంత లోతున నీరు కారే చిన్న అరుగు ఉంది. బోర్లా పడుకుని తల కిందికి వంచి చూశాను. అక్కడ పదకొండు. వాటితో కలిపి నావి మూడు వందల పన్నెండు. ఆమెకు చెప్పకూడదు. చెప్పలేదు.

పన్నెండో రోజు

రెండు గంటలకు గేటు దగ్గర బండి హారను వినిపించింది. డ్రైవరు సింహాద్రి ఫారం తీసుకుపోవడానికి వచ్చాడు. నాలుగింటికి అది కింద ఆఫీసులో ఉండాలంటే మూడింటికి బండి కదలాలి.

చిలకమ్మ ఆఖరి పట్టీలో మెట్ట మీది భాగం ముగించి సంచి విప్పింది. గింజలు పదేసి కుప్పలుగా పెట్టాను. రెండు వందల తొంభై నాలుగు.

ఆరు తక్కువ.

ఆమె నా ముఖం వైపు చూసింది. ముఖం కనబడదని తెలిసీ నేను పక్కకు తిరిగాను.

"ఇంక యాడైనా ఉన్నాదా?" అని అడిగింది.

"నేను చెప్పకూడదు పెద్దమ్మా."

"సెప్పకు." కాసేపు గాలి వైపు చెవి పెట్టింది. "అంచు కింద నీళ్ళు కారతన్నాయి. ఇనబడతన్నాది. మోకాళ్ళు పోయినకాడినుండి అటెల్లనేదు నాను. నన్నట్టుకో."

డేరా కట్టడానికి తెచ్చిన తాడు ఆమె నడుముకు చుట్టి, రెండో కొస నా నడుముకు కట్టుకున్నాను. రాతి పగులులో మడమలు ఆనించి కూర్చున్నాను. ఆమె బోర్లా పడుకుని, భుజందాకా అంచు అవతలికి జారి, కుడిచెయ్యి కిందికి దించింది. కింద ఎనభై అడుగుల లోయ. మిగిలిన గింజలు నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆమె చెప్పినప్పుడల్లా ఒకటి సంచిలో వెయ్యాలి.

హారను మళ్ళీ మోగింది.

"ఒకటి" అంది.

చాలాసేపు ఏమీ లేదు. తాడు నా నడుములోకి కోసుకుంటోంది.

"రెండు. ఇది సిన్నపిల్ల."

మూడు. నాలుగు. నాలుగు తరవాత చెయ్యి రాయి మీద వెతుక్కుంటున్న చప్పుడు. ఎడమవైపు ఉన్నాయి, ఇంకొంచెం ఎడమకు. నా నాలుక కొసన ఉంది ఆ మాట. పళ్ళు బిగించి ఆకాశం వైపు తల ఎత్తాను. ఆమె పూర్తిగా కుడికి పోయి, తడి అయిపోయేదాకా తడిమి, వెనక్కి వచ్చి, అప్పుడు ఎడమకు వెళ్ళింది.

"అయిదు."

"ఆరు."

నేను గింజ వేశాను. మూడు వందలు.

"పెద్దమ్మా, మూడు వందలు అయ్యాయి. వచ్చెయ్యి. చాలు."

"సాలడమేటి?" అంది రాతికి బుగ్గ ఆనించుకునే. "ఉన్నయి ఉన్నట్టు లెక్కెట్టాల. ఏడు."

సింహాద్రి గేటు దాటలేడు, అతనికి రేకులున్నాయి. అక్కణ్ణుంచే అరుస్తున్నాడు. నేను ఏడో గింజ వేశాను. ఎనిమిది. తొమ్మిది. పది దగ్గర ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. పదకొండు తరవాత కూడా అరుగు చివరంటా వేళ్ళు జరిపి, అక్కడేమీ లేదని నిర్ధారణ చేసుకున్నాకే, "లాగు" అంది.

మూడు వందల పన్నెండు. మూడు వందల అయిదు. నేను సంతకం, ఆమె వేలిముద్ర. ఆమె వేళ్ళ జిగురుకు ఇసక అంటుకుని ముద్ర సరిగ్గా పడలేదు. కడిగి రెండోది వేయించాను. ఫారం కింద రాశాను: రెండో సాక్షికి చూపు లేదు, స్పర్శతో గుర్తించారు, ఆఖరి పదకొండుకు నేను ఎదుట ఉన్నాను, నా సంఖ్య చెప్పలేదు.

గేటు దాకా పరుగెత్తాను.

నలభై మూడో రోజు

పుస్తకం తపాలాలో తిరిగి వచ్చింది. శాఖ ముద్రలన్నీ పడ్డాయి. మిగిలిన పేజీలు నావి.

లెక్క ఒప్పుకున్నారు. జోలమెట్ట పదేళ్ళు మూసేశారు. అదే ఉత్తర్వులో ఇంకో వాక్యం ఉంది: ఇకమీదట నిబంధనలో "స్వయంగా గుర్తించి" అన్నచోట "స్వయంగా కంటితో చూసి" అని చదువుకోవాలి. పట్నాయక్ గారు ఫోనులో ఆ మాట చెప్పి, దగ్గి, పెట్టేశారు.

మంచువలలు పడమటి కొండకు మార్చారు. పని మొదలవడానికి రెండేళ్ళు పడుతుందట. మా వీధి కొళాయి ఇప్పుడు మూడు రోజులకు ఒకసారి. అక్క బిందెలు నింపుకుంటూ నాతో మాట్లాడడం లేదు. ఆమెను తప్పుపట్టలేను. నేను కూడా వరసలో నిలబడే ఉన్నాను.

ఇవాళ మధ్యాహ్నం చిలకమ్మ ఫోను చేసింది. కొత్త నిబంధనతో ఎలాగూ సాక్ష్యం పోయిందని, పోయిన వారం పెద్దాస్పత్రిలో రెండు కళ్ళకూ ఆపరేషన్ చేయించుకున్నానని చెప్పింది. రేకులు పెట్టారు.

"ఎలా ఉంది పెద్దమ్మా?"

"మా గోడ ఇంత మాసిపోనాదని నాకు తెల్దమ్మీ. సున్నం ఎయ్యాల. దేన్ని సూసినా పక్కన ఏటో రాస్తాది. నాకు సదవడం రాదని దానికి తెల్దు."

నవ్వాను. మెట్ట సంగతి నేనెత్తేలోగా ఆమే అంది.

"నిన్న మెట్ట గేటు కాడికి ఎల్లినాను. ఇరవై ఏళ్ళ సాచ్చిని, ఒక్కపాలి సూసొచ్చేత్తాను అన్నాను. ఆ కాపలా గుంటడు ఎల్లనివ్వనేదు."

"అయ్యో" అన్నాను.

"అయ్యో ఏటి? ఎల్లనిచ్చుంటే నానే తిట్టీదాన్ని."